కలిసొచ్చే విలువకు కొలత

రెండు కంపెనీల విలీనం వార్త వచ్చిందంటే ముందుగా వినిపించే మాట సినర్జీ, అంటే కలయిక వల్ల అదనంగా పుట్టే విలువ. దాని విలువెంత అని అడిగితే మాత్రం చాలామంది నీళ్లు నములుతారు. ఆ ప్రశ్నకు అంకెల్లో జవాబు రాబట్టిన పని చూడాలంటే అశ్వథ్ దామోదరన్ 2005లో రాసిన ‘ది వాల్యూ ఆఫ్ సినర్జీ’ పత్రం చదవాలి. చెన్నైలో పుట్టి, న్యూయార్క్ విశ్వవిద్యాలయంలోని స్టెర్న్ బిజినెస్ స్కూల్లో పాఠాలు చెప్పే ఈ ఆచార్యుడు, ఆ ఏడాదే జిల్లెట్‌ను ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ కొన్న ఒప్పందాన్ని ఉదాహరణగా తీసుకున్నారు.

లెక్క మూడు మెట్లలో సాగుతుంది. మొదట ఏ కంపెనీకి ఆ కంపెనీకి విడిగా విలువ కట్టారు. ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ వాటాదారులకు మిగిలే నగదు అయిదేళ్లు 12 శాతం చొప్పున, జిల్లెట్‌ది 10 శాతం చొప్పున, ఆ తర్వాత రెండూ 4 శాతం చొప్పున పెరుగుతాయని అంచనా. వాటాదారులు ఆశించే రాబడి మొదటిదానికి 7.9 శాతం, రెండోదానికి 7.5 శాతం. ఆ లెక్కన విలువలు 22,129 కోట్ల డాలర్లు, 5,988 కోట్ల డాలర్లు తేలాయి.

పనితనమంతా రెండో మెట్టులో ఉంది. సినర్జీ ఏమీ లేదనుకుని ఆయన రెండింటినీ కలిపారు. రిస్కును కూడా వాటి విలువల నిష్పత్తిలోనే కలిపారు. వచ్చిన మొత్తం 28,117 కోట్లు, అంటే విడి విలువల కూడికే. రెండు వ్యాపారాలను ఒక గొడుగు కిందికి తెచ్చినంత మాత్రాన ఒక్క డాలరు కూడా పుట్టదని ఈ మెట్టు తేల్చి చెబుతుంది. దీన్ని దాటేసి నేరుగా సినర్జీ లెక్కకు వెళ్తే, ఏది కలయిక వల్ల వచ్చిందో, ఏది ముందే ఉందో విడదీయలేం.

మూడో మెట్టులో మార్చినవి రెండే. ఏటా 25 కోట్ల డాలర్ల ఖర్చు ఆదా, కలిపిన కంపెనీకి మొదటి అయిదేళ్లలో 11.58 నుంచి 12.5 శాతానికి పెరిగిన వృద్ధి. రిస్కు జోలికి పోలేదు. విలువ దాదాపు 29,836 కోట్లకు చేరింది. తేడా సుమారు 1,719 కోట్ల డాలర్లు, అదే సినర్జీ.

ఆ పత్రంలోని పట్టికతో మనమూ లెక్క వేసుకోవచ్చు. ఖర్చు ఆదా ఒక్కటే పెట్టి చూస్తే పెరిగే విలువ సుమారు 600 కోట్లు. మిగతా 1,100 కోట్ల పైచిలుకు, వృద్ధి రేటులో ఒక శాతం కూడా లేని పెంపు అంచనా మీదే నిలబడింది. అంచనా ఎక్కడ బలంగా ఉందో, ఎక్కడ సందేహించాలో చదివేవారికే కనిపించేలా లెక్కను విప్పి పెట్టడం ఈ పనిలోని గొప్పతనం, నిజాయితీ.

ఆ 1,719 కోట్లనూ జిల్లెట్ వాటాదారులకే అదనపు ధరగా ఇచ్చేస్తే కొన్నవారికి మిగిలేది సున్నా. మన ఊరి కంపెనీ అయినా, విదేశీ కంపెనీ అయినా, ఈసారి విలీనం ప్రకటన చదివినప్పుడు మూడు అంకెలు అడగండి: విడిగా ఎంత, ఉత్తినే కలిపితే ఎంత, కలిసొచ్చింది ఎంత. ఆ మూడూ చెప్పలేనివారు అదనంగా ఇచ్చే ధరకు ఆధారం లేదనే అర్థం.