బేరంలో ఎవరి మాట? పశువుల అంగడి సామెతలు – ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం: పశువుల క్రయవిక్రయాలకు సంబంధించిన సామెతలను వ్యవసాయ సామెతలుగానో నీతివాక్యాలుగానో వివరించడం పరిపాటి. వాటిని బేరంలో ఎవరు, ఎవరితో అంటారన్న ప్రశ్నతో చదివితే కొన్నింటి అర్థం మారుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: సామెత, పశువుల అంగడి, బేరం, జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి

ప్రవేశిక

1868లో కెప్టెన్ ఎం. డబ్ల్యు. కార్ వెలువరించిన 'ఆంధ్ర లోకోక్తి చంద్రిక' సామెతలను అకారాది క్రమంలో పేర్చింది. తరువాతి కాలంలో విషయాన్ని బట్టి వర్గీకరించే పద్ధతీ స్థిరపడింది. రెండింటిలోనూ సామెత దొరుకుతుంది గాని దాన్ని పలికిన మనిషి దొరకడు. అంగడిలో మాత్రం మనిషి లేని మాట లేదు. పలుపు పట్టుకొని నిలబడ్డవాడు ఒకడు, నోరు తెరిచి పళ్ళు చూసేవాడు ఒకడు, ఇద్దరి మధ్యన బేరగాడు.

2016 అక్టోబర్ 11న ఏర్పడిన జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల్లో వారపు సంతను అంగడి అనడమే వాడుక. పాల్కురికి సోమనాథుని పేరుతో ముడిపడిన పాలకుర్తి నేడు జనగామ జిల్లాలో ఉంది. బసవేశ్వరుని నంది అవతారంగా కీర్తించిన కవి నేల మీదనే ఎద్దు పళ్ళు లెక్కపెట్టి ధర కట్టే భాష కూడా పెరిగింది. మొదటిదానికి దక్కిన పరిశోధకుల శ్రద్ధ రెండోదానికి దక్కలేదు.

కొనేవాడి ఉపమానం, అమ్మేవాడి ప్రశ్న

"నీళ్ళలో ఉన్న బర్రెను బేరమాడినట్లు" అన్నది కొనేవాడి పక్షపు హెచ్చరిక. నీళ్ళలో పడుకొన్న బర్రెకు తల, వీపు తప్ప మరేదీ కనిపించదు. పొదుగు, గిట్టలు, నడక, పళ్ళు కనిపించవు. కొనేవాడి పరీక్ష అంతా ఆ కనిపించనివాటి మీదనే. పశువుకు పై దవడ ముందుభాగంలో పళ్ళుండవు. కింది దవడకు ముందుపళ్ళు ఎనిమిది. సుమారు రెండు, రెండున్నరేళ్ళకు పాలపళ్ళలో మొదటి జత ఊడి శాశ్వత దంతాలు వస్తాయి. జత వెంట జత మారుతూ నాలుగు, నాలుగున్నరేళ్ళకు నోరు నిండుతుంది. అందుచేత 'రెండు పళ్ళ కోడె' అంటే వర్ణన కాదు, వయసు లెక్క. నోరు నిండిన తరువాత అరుగుదలను చూసి అంచనా వేయవలసిందే. అబద్ధానికి చోటు దొరికేది అక్కడి నుంచే.

"బర్రె గుడ్డిదైతే పాలు గుడ్డివా?", "ఆవు నలుపైతే పాలు నలుపా?" అన్న సామెతలకు 'బాహ్యరూపాన్ని బట్టి గుణాన్ని నిర్ణయించరాదు' అని అర్థం చెబుతుంటారు. బేరంలో పెట్టి చూస్తే ఇవి నీతివాక్యాలు కావు, జవాబులు. కొనేవాడు లోపాన్ని ఎత్తి చూపి ధర దించాడు. లోపం ఎదుటనే ఉంది కనుక అమ్మేవాడు కాదనలేడు. మాటను పాల మీదికి మళ్ళిస్తాడు. కొనేవాడి అభ్యంతరం కూడా అర్థరహితమేమీ కాదు: గుడ్డి బర్రెను మేతకు తోలుకుపోవడానికి ఒక మనిషి కావాలి. సామెత ఆ ఖర్చును దాచిపెడుతుంది.

ఇక్కడ రూపభేదం గమనింపదగినది. కొనేవాడి సామెత '-నట్లు' అని ముగుస్తుంది. ఎవరో మూడోవాడి తెలివితక్కువతనాన్ని చూపుతుంది. అమ్మేవాడిది ప్రశ్న, ఎదుట నిలిచినవాడినే అడుగుతుంది. "గొడ్డొచ్చిన వేళ, బిడ్డొచ్చిన వేళ" అన్నది ఈ రెండింటికీ చెందదు. అది పలుపు చేతులు మారి, పశువు ఇల్లు చేరిన తరువాతి మాట.

"పాలిచ్చే బర్రెను అమ్మి దున్నపోతును కొన్నట్లు" అన్న సామెత ఇటీవలి రాజకీయ ప్రసంగాల్లో ఓటరును ఎత్తిపొడవడానికి బాగా పనికివచ్చింది. అందులోని రైతు నిజంగా అవివేకియేనా? తెలంగాణలో బురద పొలం దున్నడానికి దున్నపోతులను కట్టడం ఉన్నదే. భూపాలపల్లి జిల్లా గణపురంలోని గణపసముద్రం వంటి చెరువుల కింద వరి వేసే రైతుకు అదునులో దున్నపోతు అవసరం. అప్పు తీర్చవలసినవాడు వట్టిపోయిన బర్రెను తోలుకుపోతే ధర పలకదు, పాలిచ్చేదాన్నే అమ్మాలి. '-నట్లు' అన్న ప్రత్యయం ఈ అవసరాన్ని చెరిపివేసి తప్పును మాత్రమే మిగుల్చుతుంది. సామెత ప్రజల నోటిది కనుక ప్రజల పక్షమే వహిస్తుందన్న నమ్మకం ఇక్కడ నిలవదు.

"కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి" పశువులకే పరిమితం కాదు, కాని అంగడిలో దీనికి పట్టు ఎక్కువ. తొలకరికి ముందు అందరికీ ఎడ్లు కావాలి. కరవు వేసవిలో మేత లేక అందరూ అమ్మకానికే తోలుకువస్తారు. రెండు వాక్యాల్లోనూ కర్త లేడు. కొనబోయిందీ అమ్మబోయిందీ ఒకే మనిషి కావడం దీని బలం. ధర కట్టినవాడు మాత్రం ఈ సామెతలోనూ కనిపించడు.

రాతలో అడిగిన మాట

కేంద్ర ప్రభుత్వం 2017 మే 23న ప్రకటించిన పశువుల మార్కెట్ల నియంత్రణ నియమాలు, పశువును వధకు తేలేదని అమ్మేవాడు లిఖితపూర్వకంగా ప్రకటించాలన్నాయి. ఆ నెల 30న మద్రాసు హైకోర్టు మధురై ధర్మాసనం వాటిలో కీలకమైనవాటి అమలును నిలిపివేసింది. జూలై 11న సుప్రీంకోర్టు ఆ నిలుపుదలను దేశమంతటికీ వర్తింపజేసింది. బేరంలో ప్రశ్నగా మాత్రమే మాట్లాడగలిగినవాడిని ఆ నియమాలు హామీ ఇమ్మన్నాయి. ఆ హామీ బరువు ఎక్కువగా పడేది ముసలి ఎద్దును తోలుకువచ్చిన రైతు మీద. పైన చూసిన సామెతల్లో ఏదీ అతని పక్షాన పలకదు. ఎద్దుకు పాలు లేవు, పని అయిపోయింది, 'పాలు గుడ్డివా?' అని ఎదురు అడగడానికి అతని చేతిలో పలుపు తప్ప ఏమీ లేదు.