బొమ్మల కథలూ - స్త్రీ ప్రేక్షకులూ

పెళ్లీడుకొచ్చిన అమ్మాయి టెలివిజన్ ముందు కూర్చుని కార్టూను చూస్తే మన ఇళ్లలో తప్పకుండా వినబడే మాట ఒకటుంది: "ఇంకా చిన్నపిల్లవా?" అదే వయసు కుర్రాడు అదే బొమ్మ చూస్తే "వాడికి ఈ పిచ్చి ఒకటి" అని వదిలేస్తారు. రెండూ వెక్కిరింపులే గాని రెంటికీ బరువు ఒకటి కాదు. కుర్రాడిది పిచ్చి, అంటే ఎంత కాదన్నా అభిరుచి. అమ్మాయిది ఎదగకపోవడం. ఆమె ఎదగడమంటే పెళ్లికీ వంటింటికీ సిద్ధపడటమని ముందే నిర్ణయమై ఉంది గనుక ఆ ప్రశ్నకు బొమ్మతో నిమిత్తం లేదు. సాయంకాలం రెండు గంటలు ఆమె సొంతమా, ఇంటిదా అన్నదే అక్కడి తగాదా.

ఈ మధ్య చదువుకున్న యువకుల్లో ఇంకో మాట పుట్టింది. అమ్మాయిలు జపాను యానిమే నిజంగా చూడరట, అబ్బాయిల కంట్లో పడటానికి చూస్తున్నట్టు నటిస్తారట. వెంటనే మౌఖిక పరీక్ష మొదలవుతుంది: ఫలానా పాత్ర చచ్చిపోయింది ఎన్నో భాగంలో, ఫలానా కత్తి పేరేమిటి? కుర్రాళ్లకు ఈ పరీక్ష పెట్టినవాణ్ణి నేను చూడలేదు. మొదటి అభియోగం ప్రకారం ఆమె మరీ లీనమైపోయి చూస్తోంది. రెండోదాని ప్రకారం అసలు చూడటమే లేదు. పరస్పర విరుద్ధమైన రెండు అభియోగాలు ఒకే మనిషి మీద నిలబడుతున్నాయంటే, వాటికి సాక్ష్యంతో పని లేదన్నమాట.

చరిత్ర ఏం చెబుతోందో చూద్దాం. ఈ రోజు లక్షలమంది హాజరయ్యే 'కామిక్ మార్కెట్' అనే అభిమానుల సంత టోక్యోలో మొట్టమొదట జరిగింది 1975 డిసెంబరు 21న. పాల్గొన్నవి 32 బృందాలు, వచ్చినవాళ్లు సుమారు 700 మంది. వాళ్లలో అత్యధికులు 'షోజో మాంగా' అనే ఆడపిల్లల బొమ్మల కథలు చదివే స్కూలు పిల్లలు. తాము రాసుకున్న, గీసుకున్న చిన్న పత్రికలు తామే అచ్చువేసుకుని తెచ్చి అమ్ముకున్నారు. మన లిఖిత పత్రికల సంప్రదాయం తెలిసినవారికి ఇది కొత్తగా తోచదు. ఈ ఉద్యమానికి పునాది వేసినవాళ్లలో ఆడపిల్లలే ముందున్నారు.

అయినా అభిమాని అనగానే లోకానికి గుర్తొచ్చేది మగవాడు. 1983లో 'మాంగా బురిక్కో' పత్రికలో నకమోరి అకియో అనే రచయిత ఈ సంతకు వచ్చేవాళ్లను ఎగతాళి చేస్తూ 'ఒతాకు' అనే మాటను ప్రచారంలోకి తెచ్చాడు. 'తమరు' అనే మర్యాద సంబోధనే తిట్టుగా మారింది. ఆ మాట వ్యాపించాక జనం ఊహలో మిగిలింది గది తలుపులు మూసుకున్న కుర్రాడు. ఆడవాళ్లకు వేరే పేరు వచ్చింది: 'ఫుజోషి'. ఉచ్చారణ మార్చకుండా ఒక్క అక్షరం మారిస్తే 'స్త్రీలు' అనే గౌరవ పదం 'కుళ్ళిన పిల్ల' అవుతుంది. మగ పాత్రల మధ్య ప్రేమ కథలు ఊహించుకుని చదివే స్త్రీలకు ఇది బిరుదు. విశేషమేమంటే ఆ స్త్రీలే దాన్ని నవ్వుతూ తమకు తగిలించుకున్నారు. వయసు మళ్లినవాళ్లయితే 'కులీన స్త్రీ' అనే మాటను అదే పద్ధతిలో చెడగొట్టి 'కిఫుజిన్' అని పిలుచుకుంటున్నారు. తిట్టును బిరుదు చేసుకోవడం తెలివే. అయితే తిట్టిన చేతిలోని అధికారం దానివల్ల తగ్గిందని నేననుకోను.

ఇంతకీ ఈ ఆడపిల్లలు చదివిందేమిటి? 1972లో ఇకెద రియోకో 'మార్గరెట్' అనే ఆడపిల్లల వారపత్రికలో 'వెర్సాయ్ గులాబీ' మొదలుపెట్టింది. వస్తువు ఫ్రెంచి విప్లవం! కొడుకు లేని సేనాధిపతి చిన్న కూతురు ఆస్కార్‌ను మగవాడిగా పెంచుతాడు; ఆమె రాణి అంగరక్షక దళంలో అధికారి అవుతుంది. క్రమంగా పారిస్ పేదరికం కళ్లబడుతుంది. చివరికి తన సైనికులతో ప్రజల పక్షం చేరి, బాస్తీ కోట మీద దాడి జరిగిన 1789 జూలై 14న ప్రాణం విడుస్తుంది. ఇదంతా పన్నెండు, పదమూడేళ్ల పిల్లలు వారంవారం ఎదురుచూసి చదివారు. 1974లో తకరజుక నాటక బృందం, అంటే అందరూ ఆడవాళ్లే నటించే సంస్థ, దీన్ని రంగస్థలం మీదికి తెచ్చింది. 1979లో టెలివిజన్‌కు వచ్చింది. 2025లో మళ్లీ సినిమాగా వచ్చింది. బాస్తీ కోట కూలడం మగపిల్లల పత్రికలో వచ్చి ఉంటే చారిత్రక ఇతివృత్తం అనేవాళ్లం. ఆడపిల్లల పత్రికలో వచ్చింది గనుక గులాబీలూ, పెద్ద కళ్లూ మాత్రమే కనబడ్డాయి.

దీన్ని నెత్తిన పెట్టుకోమని నేననడం లేదు. విప్లవాన్ని ఒక కులీన స్త్రీ ఆత్మపరివర్తన కథగా కుదించడం ఇందులోని పెద్ద లోపం. రాణి దుస్తుల మీద పెట్టిన శ్రద్ధ రొట్టె ధర మీద పెట్టలేదు. కానీ ఇది విమర్శ. "ఆడపిల్లల బొమ్మల పుస్తకం" అనడం విమర్శ కాదు.

ఈ తేడా మనవాళ్లకు తెలియాలి. ఆ మధ్య ఒక సదస్సులో ఎం.ఏ. చదువుతున్న అమ్మాయి యానిమేలో స్త్రీ పాత్రల మీద పత్రం చదువుతానంటే ఒక పెద్ద విమర్శకుడు, అభ్యుదయవాదే, "పెళ్లయితే ఈ సరదా తీరిపోతుందిలేమ్మా" అన్నాడు. సభ నవ్వింది. 1960, 70లలో యద్దనపూడి సులోచనారాణి నవలలు చదివే గృహిణుల గురించీ మనం ఇలాగే నవ్వాం. ఆ నవలల్లోని కలల ధనస్వామ్యాన్ని ఎండగట్టడం అవసరమే. లక్షలమంది స్త్రీలు ఆ కలల్లో ఏ కొరత తీర్చుకుంటున్నారన్న ప్రశ్నను మాత్రం ఎక్కువమందిమి వదిలేశాం.

వ్యాపారికి మాత్రం లెక్కలున్నాయి. అమెరికాలో అనేక కార్టూన్లు రాసిన పాల్ డీనీ 2013లో బహిరంగంగా చెప్పిన సంగతి ఇది: ఆడపిల్లలు బొమ్మలు కొనరు గనుక సాహస కథలకు వాళ్లు ప్రేక్షకులు కావడం చానెలు అధికారులకు ఇష్టం లేదట. చూసేవాళ్లు ఎక్కువైతే కంపెనీ బాధపడటం! ఇక తయారీలో స్త్రీల స్థానం చెప్పనే అక్కర్లేదు. 1938లో డిస్నీ కంపెనీ ఉద్యోగం అడిగిన ఒక యువతికి రాసిన జవాబులో, సృజనాత్మకమైన పని కుర్రాళ్లదనీ, ఆడవాళ్లకు ఉన్న పని గీతల మీద సిరా దిద్దడం, రంగులు నింపడం మాత్రమేననీ స్పష్టంగా చెప్పింది. జపానులో తోయి స్టూడియో తొలి తరం చిత్రకారిణి ఒకుయామ రేకో పెళ్లయి బిడ్డ పుట్టాక కూడా బల్ల వదలకుండా పనిచేసింది. ఆమె జీవితం స్ఫూర్తిగా 2019లో అక్కడి టెలివిజన్‌లో రోజువారీ కథ వచ్చింది. గీసినవాళ్లలో ఆడవాళ్లున్నారు, చూసినవాళ్లలో ఉన్నారు. 'అభిమాని' అనే మాటలోకే రానివ్వలేదు.

మన దగ్గరి సంగతి. 2008లో మొదలైన 'ఛోటా భీమ్' హైదరాబాదులో తయారైన సరుకే. అందులో భీముడి బలం లడ్డూలోంచి వస్తుంది. లడ్డూలు చేసే టున్‌టున్ మౌసి కూతురు చుట్కీ వాటిని అతనికి అందిస్తుంది. రాక్షసుణ్ణి కొట్టేది ఒకరు, తినిపించేది ఇంకొకరు. అప్పట్లో అయిదారేళ్ల వయసులో దీన్ని చూసిన ఆడపిల్లలు ఇప్పుడు కాలేజీలు దాటుతున్నారు. చుట్కీ గురించి వాళ్లకు మనకంటే ఎక్కువ తెలుసు, కోపం కూడా ఉండి ఉంటుంది. వాళ్లలో ఎవరైనా ఆ వ్యాసం రాసి మన పత్రికకు పంపితే, దాన్ని బాలల శీర్షిక దొంతరలో వేయవద్దని సంపాదకవర్గానికి నా మనవి.