అంకె పక్కన మనిషి కూడా కనబడాలి

నోటి క్యాన్సర్ ఆపరేషన్‌లో చాలామందికి మెడలోని లింఫ్ గ్రంథులూ తీస్తారు. తొలిదశలోనే, మెడలో గడ్డ తేలకముందే తీయడం మేలని ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రి పరిశోధన 2015లో తేల్చింది: అలా తీసినవారిలో మూడేళ్ల తర్వాత 80 శాతం మంది బతికి ఉండగా, గడ్డ కనబడ్డాక తీద్దామని ఆగినవారిలో 67.5 శాతమే మిగిలారు. తీసిన కణజాలంలో ఎన్ని గ్రంథులు దొరికాయో పాథాలజీ రిపోర్టు చెబుతుంది. కనీసం 18 ఉండాలన్నది బాగా వాడుకలో ఉన్న కొలమానం. అంతకు తగ్గితే సర్జన్ పని సరిగా చేయలేదనుకోవడం తేలిక. కానీ ఆ లెక్కలో రోగి శరీరానికీ వాటా ఉంది.

వయసు మీదపడేకొద్దీ గ్రంథులు కుంచించుకుపోతాయి, కొవ్వులో కలిసిపోయి పాథాలజిస్టు వేలికి తగలవు. ముందే రేడియేషన్ పడిన మెడలోనూ తక్కువే దొరుకుతాయి. క్యాన్సర్ పాకినప్పుడో, శరీరం దానితో గట్టిగా పోరాడుతున్నప్పుడో గ్రంథులు ఉబ్బి సులువుగా చేతికొస్తాయి. శ్రీకాకుళం తీరంలో చుట్ట నిప్పును నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్లకు అంగిలి క్యాన్సర్ రావడం వైద్యులు ఎప్పటినుంచో చూస్తున్నదే. ఆ జిల్లా నుంచి వచ్చి ఈ అండమాన్ దీవుల్లో స్థిరపడిన కుటుంబాలెన్నో. అలాంటి ముసలమ్మ మెడనూ, గుట్కా నమిలే ముప్పయ్యేళ్ల యువకుడి మెడనూ ఒకే గీతతో కొలిస్తే న్యాయం కాదు.

ఇలాగైతే ప్రతి లోపాన్నీ రోగి మీదకు నెట్టేస్తారని అనవచ్చు. ఆ భయం సబబే. అయితే వయసు, పాత రేడియేషన్ ఆపరేషన్‌కు ముందే తెలిసే సంగతులు. ముందే రాసిపెడితే తర్వాత సాకులు కల్పించడం కుదరదు. వాటినిబట్టి రోగులను విడదీసి ఆసుపత్రి మొత్తం లెక్క చూస్తే, చేతగానితనం ఇంకా స్పష్టంగా బయటపడుతుంది. అలాంటప్పుడు అంకె ఎందుకు, వదిలేద్దామన్నా తప్పే. ఎనిమిది గ్రంథుల్లో క్యాన్సర్ లేదనడం, ముప్పయ్యింటిలో లేదనడం సమానం కాదు. ఆ ఎనిమిదీ గ్రంథులు కుంచించుకుపోయినందువల్లా, మెడ సగమే శుభ్రం చేసినందువల్లా అన్నది తేలాలి. రెండోదైతే జబ్బు ఇంకా లోపలే ఉండవచ్చు.

ఈ దీవుల్లోని గోల్ ఘర్‌లాంటి చోట ఈ తేడా మరీ ముఖ్యం. ఆపరేషన్ చెన్నైలోనో విశాఖలోనో జరిగితే, తిరిగొచ్చాక మెడ తడిమి చూసే డాక్టరు ఇక్కడివారు. సర్జన్‌కూ ఆయనకూ మధ్య సముద్రం ఉంది. ఆయన చేతిలో ఉన్నది ఫైలే. అందుకే డిశ్చార్జి కాగితంలో గ్రంథుల సంఖ్యతోపాటు మెడలో ఏయే భాగాలు తీశారో, రోగి వయసు, బరువు, పాత రేడియేషన్ వివరాలూ రాయాలి. అవి లేకపోతే ఓడ ఎక్కేముందే కుటుంబం అడిగి రాయించుకోవాలి.