పట్టును బట్టే పోగు

పొందూరు ఖద్దరు మాటెత్తితే ఎవరైనా వాలుగ చేప దవడ గురించే చెబుతారు. సన్నటి పళ్లున్న ఆ ఎముకతో పత్తి దువ్వి, ఒంటి కదురు రాట్నం మీద వందో నెంబరు నూలు వడకడం చెప్పుకోదగ్గదే. అయితే పళ్ల గురించి చెప్పుకున్నంతగా చేతి పట్టు గురించి చెప్పుకోం. ఇక్కడ గింజ తీయకముందే పత్తిని దువ్వుతారు. గింజ వేళ్ల మధ్య, పోగులు బయటికి, రెండో చేతిలో బరువే తెలియని ఎముక. నలుసు అడ్డొచ్చినా, పోగు చిక్కుపడినా వేలికి ఇట్టే తెలుస్తుంది, చెయ్యి అక్కడికక్కడే ఒత్తిడి తగ్గిస్తుంది. ఈ నేర్పునంతా వడికే ఆడవాళ్ల ఓర్పు ఖాతాలో వేసేస్తాం. ఎంత బిగించి పట్టుకోవాలో ముందు పనిముట్టే నిర్ణయిస్తుందనీ, ఆ తర్వాతే నేర్పు మొదలవుతుందనీ నా వాదన.

దీనికి కొలిచిన సాక్ష్యం దంతవైద్యంలో ఉంది. పంటి గార గీకే పరికరాల పిడులను వేర్వేరు లావుల్లో, బరువుల్లో చేయించి కాలిఫోర్నియా పరిశోధకులు పరీక్షించారు. 2006లో అమెరికా దంతవైద్య సంఘం పత్రికలో ఫలితాలు వచ్చాయి. 10 మిల్లీమీటర్ల లావు, 15 గ్రాముల బరువున్న పిడితో చేతి కండరాలకు శ్రమ, వేళ్ల నొక్కుడు బాగా తగ్గాయి. పిడి సన్నగా, బరువుగా ఉంటే వేళ్లు తెలియకుండానే బిగుసుకుంటాయి. బిగుసుకున్న వేలికి గార ఎక్కడ ఆగిందో, పంటి వేరు ఎక్కడ మొదలైందో అంత బాగా అందదు.

చెయ్యి తిరిగినవారికి ఏ పనిముట్టయినా ఒకటేనంటారు. పని వరకూ అది నిజం కావచ్చు, కానీ ఆ లోటు పూడ్చేది వాళ్ల మణికట్టూ బొటనవేలూ. యంత్రాలొచ్చాక ఈ లెక్కలెందుకన్న మాటకూ బలముంది. ముతక నూలుకు యంత్రమే మేలు, అందులో మొహమాటం అక్కర్లేదు. గింజ మీదే పోగును సాపుచేసి తీసే సన్ననూలు దగ్గరే నాకు పేచీ. ఆ పని చేతిలో ఉన్నంతకాలం చేతి గురించి ఆలోచించక తప్పదు. దవడ ఎముకను మెచ్చుకుంటూ కూర్చుంటే వడికేవారి భుజం నొప్పి తగ్గదు, చాలీచాలని కూలీ పెరగదు. పంటి పరికరానికి గ్రాముల్లో లెక్కచూసినవాళ్లున్నప్పుడు, 24 ఆకుల రాట్నం తిప్పే పిడి ఎంత లావుండాలో, కూర్చునే చోటికి ఎంత ఎత్తులో ఉండాలో వడికేవాళ్లనే అడిగి కొలవాలి. 1949 నుంచి ఉన్న పొందూరు ఖాదీ సంఘం, జిల్లాలోని వైద్య విద్యార్థులు కలిస్తే అదేమంత ఖర్చుతో కూడిన పని కాదు.