ఆడవేషం, ఏటి ఒడ్డు, ముందు సీటు

స్థానం నరసింహారావు గురించి మన నాటక చరిత్రకారులు రాసిందంతా ఒక్కచోట పోగేస్తే అది విమర్శ కాదు, హారతి. ఆయన ప్రతిభను కాదనేవాళ్లెవరూ లేరు. 1902లో బాపట్లలో పుట్టి, తెనాలి రామవిలాస సభ ద్వారా సత్యభామగా, చిత్రాంగిగా, రోషనారగా, మధురవాణిగా జనాన్ని కట్టిపడేసిన నటుడు. సత్యభామ కోసం ఆయన రాసుకున్నదని చెప్పే పాట 1966 నాటి శ్రీకృష్ణ తులాభారం సినిమా దాకా నడిచింది. 1956లో పద్మశ్రీ వచ్చింది. 1971లో పోయారు. ఇదంతా ఒప్పుకుందాం. అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. మగవాడు ఆడవేషం కట్టి గౌరవం సంపాదించిన ఈ నేల మీద, ఆడి పాడి బతికిన ఆడదానికి అవమానమే ఎందుకు మిగిలింది?

ఆ రోజుల్లో వేషాలకి ఆడవాళ్లు దొరికేవాళ్లు కాదండీ అంటారు. ఎవరికి దొరకలేదు? 1885లో మొదలైన సురభి సమాజాల్లో ఆడవాళ్ల వేషాలు ఆడవాళ్లే కట్టారు. తెలంగాణలో మాదిగల ఆశ్రిత కులమైన చిందు వాళ్లల్లో ఆడవాళ్లు గజ్జె కట్టారు. 2005లో కన్నుమూసిన చిందు ఎల్లమ్మ మగవేషాలు కూడా వేసింది. కోస్తాలో కళావంతులు తరతరాలుగా ఆడారు, పాడారు. అంటే ఆడవాళ్లు లేక కాదు. పరువుగల వేదిక వాళ్లని రానివ్వక. కూచిపూడిలోనూ అంతే. బ్రాహ్మణ కుటుంబాల మగవాళ్లు భామవేషం కడితే సంప్రదాయం అయింది. దేవాలయాలకు ఆడపిల్లల్ని అంకితం చేయడాన్ని నిషేధిస్తూ 1947లో మద్రాసు చట్టం వచ్చింది. దురాచారం పోవాల్సిందే. కానీ ఆ స్త్రీల బతుకుతెరువూ, విద్యా దానితోపాటే కొట్టుకుపోయాయి. వాళ్ల అభినయం మాత్రం ఇంకొకళ్ల ఒంటిమీద కళగా వెలిగింది.

ఈ తంతు మనకొక్కళ్లకే సొంతం కాదు. జపాన్ కబుకి కథ చూడండి. 1603 ప్రాంతంలో క్యోటోలో ఒకునీ అనే స్త్రీ ఆడిన ఆటతో కబుకి మొదలైందని చెబుతారు. ఆ ఆటలు సాగింది కామో ఏటి ఒడ్డున. ఆటగాళ్లని అక్కడ 'ఏటి ఒడ్డు మనుషులు' అనేవాళ్లు. ఆ మాటలో అంటరానితనం ఉంది. పన్నులేని ఆ ఇసుక మీద వెలివేయబడ్డవాళ్లూ, ఆటగాళ్లూ పక్కపక్కనే బతికారు. 1629లో ప్రభుత్వం ఆడవాళ్లు ఆడకూడదంది. ఆడది పుట్టించిన ఆటలోంచి ఆడదాన్నే తరిమేశారు. 1652లో కుర్రవాళ్ల ఆటనూ ఆపేశాక, ఆడవేషం పెద్ద మగవాళ్ల చేతికి వచ్చింది. ఆ వేషానికి శాస్త్రం చెప్పినవాడు యోషిజావా అయామే. 1673లో పుట్టి 1729లో పోయాడు. ఆడవేషం కట్టేవాడు రంగం దిగాక కూడా, తినేటప్పుడూ కూర్చునేటప్పుడూ, స్త్రీలాగే ఉండాలన్నాడు. గొప్ప సాధనే. అయితే స్త్రీ ఎలా ఉండాలో మగవాడు నిర్ణయించే సాధన అది.

మనం ఇంకా జాగ్రత్తగా చదవాల్సింది 1708 నాటి తీర్పుని. ఎదో నగరంలో అంటరానివాళ్లందరికీ పెద్దగా ప్రభుత్వం నిలబెట్టినవాడు దాన్జాయెమోన్. ఆటగాళ్లు కూడా తన కిందివాళ్లేనన్నాడు. కాదని తీర్పొచ్చింది. ఆనాటి పెద్ద నటుడు రెండో ఇచికావా దాంజూరో ఆ తీర్పు కాగితాల్ని దాచుకున్నాడు. ఎందుకు దాచుకోడు? అది విడుదల పత్రం. కానీ అంటరానితనం తప్పని ఆ తీర్పు అనలేదు. మీరు వాళ్లల్లోవాళ్లు కారంది, అంతే. కళ పైమెట్టు ఎక్కింది, కింద ఉన్నవాళ్లు కిందే ఉండిపోయారు. వాళ్లని వెలిగా చూసే చట్టం 1871లో పోయింది. 1887లో చక్రవర్తే కూర్చుని కబుకి చూశాడు. అంటరాని ముద్ర మాత్రం జనం మనసుల్లోంచి చట్టంతో పోలేదు. ఒక కళ గౌరవం పొందడం వేరు, దాన్ని పుట్టించిన మనుషులు గౌరవం పొందడం వేరు.

ఇప్పుడు మన పత్తి, మిరప చేల మధ్యకి రండి. కారంపూడిలో పల్నాటి వీరుల కథ పాడేది వీరవిద్యావంతులు, మాలలు. ఆ కథలో సేనాని కన్నమదాసు మాలవాడు. ఆ మౌఖిక ఇతిహాసం నుంచి అమెరికా పరిశోధకుడు జీన్ రోగెయిర్ 1982లో పుస్తకం తెచ్చాడు. మన పాఠాల్లో మాత్రం శ్రీనాథుడి పేర చెలామణి అయ్యే ద్విపదకే పెద్దపీట. పద్యానికి కవి పేరుంది, పాటకి కులం పేరే ఉంది. స్థానం వారి ఆత్మకథ 'నటస్థానం' అచ్చులో ఉంది. కత్తి పట్టి రాత్రంతా కథ నడిపిన మాల గాయకుడి ఆత్మకథ ఎక్కడ?

కళకి కులం లేదనేవాళ్లు చుండూరు గుర్తుచేసుకోవాలి. నాటకాల తెనాలికి పక్క ఊరే అది. 1991 జూలైలో అక్కడి సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు ముందు సీట్లోని అగ్రకులస్తుడికి తగిలింది. గొడవ అక్కడ రాజుకుంది. ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని చంపేశారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు కొట్టేసింది. తెరమీద ఎవరు ఆడాలన్నదే కాదు, తెరముందు ఎవరు ఎలా కూర్చోవాలన్నది కూడా కులమే నిర్ణయించింది.

2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చింతామణి నాటకాన్ని నిషేధించింది. సుబ్బిశెట్టి పాత్ర తమని కించపరుస్తోందని ఆర్యవైశ్యులు అడిగారు, సర్కారు విన్నది. నిషేధం మంచిదా చెడ్డదా అన్నది అలా ఉంచండి. అదే నాటకంలో వేశ్య కులాన్ని అన్ని దశాబ్దాలు వేదిక మీద నిలబెట్టారే, ఆ స్త్రీలని అడిగిందెవరు?

కాబట్టి స్థానం వారి విగ్రహాన్ని పడగొట్టమని కాదు మనం అనేది. ఆయన చీరకట్టులో, నడకలో, చూపులో ఎవరి విద్య ఉందో వెతకమంటున్నాం. తెలుగు నాటక చరిత్రని పరిషత్తుల నుంచి కాక, ఏటి ఒడ్డు నుంచీ వాడ నుంచీ మళ్లీ రాయాలి. ఆ పని ఇంకెవరో చేసిపెట్టరు. మనమే చేయాలి.