వేరు వయసెంత?

కౌలాలంపూర్‌లో ఏ కిరాణా కొట్టుకు వెళ్లినా కాఫీ ప్యాకెట్ల మధ్య తొంగ్‌కాట్ అలీ కాఫీ కనిపిస్తుంది. మగవాళ్ల సత్తువకు మలేషియా అంతటా పేరుపడ్డ వేరు అది. ప్యాకెట్ మీద గడువు తేదీ ఉంటుంది, పంచదార లెక్కా ఉంటుంది. లోపలున్న వేరు ఎన్నేళ్ల చెట్టుదో మాత్రం రాయరు. మందుమొక్కలు కొనేవాళ్లు ముందు అడగాల్సింది అదే.

తొంగ్‌కాట్ అలీ అడవి నీడలో నింపాదిగా పెరిగే సన్నని చెట్టు. పైకి కొమ్మలు పెద్దగా వేయదు. నేలలోకి సూటిగా దిగే తల్లివేరే దాని బలం. మందూ ఆ వేరులోనే ఉంది కాబట్టి కోత అంటే చెట్టును పెళ్లగించడమే, రెండో కోత ఉండదు. అందుకే వేరు ముదిరేదాకా, నాటాక కనీసం నాలుగైదేళ్లు ఆగాలంటారు. అన్నాళ్లు నేలనూ పెట్టుబడినీ కట్టేసుకుని కూర్చోవడం చిన్న రైతు వల్ల అయ్యే పనేనా? ఆ ఓపిక లేనివాళ్ల చూపు అడవి మీద పడుతుంది. అక్కడ లేతదీ ముదురుదీ ఒకే గోతంలోకి పోతాయి. ముక్కలు కొట్టి ఎండబెట్టాక ఏది ఏదో పోల్చుకోవడం కష్టం.

మలేషియా 2011లో ఈ వేరు సారానికి ఎంఎస్ 2409 అనే ప్రమాణం తెచ్చింది. నీటితో తీసిన సారంలో యూరికోమనోన్ అనే చేదు పదార్థం 0.8 నుంచి 1.5 శాతం దాకా ఉండాలన్నది అందులో ఒక షరతు. మంచి పనే. కానీ రాత్రి సంతలో అమ్మే వేరు ముక్కను ల్యాబ్‌కు ఎవరు తీసుకెళ్తారు?

ఇక ముదిరేకొద్దీ మంచిదన్న మాట అన్ని మొక్కలకూ చెల్లదు. 2010లో ప్రకటించిన ఆర్థిక పరివర్తన పథకం కింద మలేషియా ఐదు మూలికలకు పెద్దపీట వేసింది. వాటిలో హెంపెడు బూమి అంటే మన నేలవేమే, దుకుంగ్ అనాక్ అంటే మన నేల ఉసిరే. ఉత్తరాంధ్ర నుంచి మలేషియాలోని పేరాక్ తోటలకు కూలికి వెళ్లిన తెలుగువాళ్లకు ఇవి కొత్తగా అనిపించి ఉండవు.

నేలవేము లెక్క నెలల్లోనే తేలిపోతుంది. విత్తిన మూడు నాలుగు నెలలకు మొగ్గ తొడుగుతుంది, కోయాల్సింది అప్పుడే. దాని గుణం ముఖ్యంగా ఆండ్రోగ్రాఫోలైడ్ అనే చేదులో ఉంది. అది కాండంలో కంటే ఆకులోనే ఎక్కువ. సన్నటి కాయలు నిక్కి, ఎండి, పగిలే దాకా ఆగితే ఆకు పండి రాలిపోతుంది. చేతికొచ్చేవి పుల్లలు. తూకం తూగుతుంది, చేదు తగ్గుతుంది. ముదిరిన బెండకాయ కూరకు పనికిరానట్టే ఇదీనూ. బేరమంతా తూకం మీదే నడిచినంత కాలం రైతు వేళకు కోయలేదని నిందించడం అన్యాయం.

మిసాయ్ కుచింగ్ కూడా ఆ ఐదింట్లో ఒకటి. పిల్లి మీసాల్లాంటి పొడవాటి కేసరాలతో పువ్వు ముచ్చటగా ఉంటుంది. మందుకు కావాల్సింది ఆకు కాబట్టి పువ్వు విచ్చకముందే చిగుళ్లు తుంచుతారు. ఇది మళ్లీ చిగురిస్తుంది, అదొక్కటే రైతుకు ఊరట.

మలేషియాలో నమోదైన సంప్రదాయ మందు డబ్బా మీద 'ఎంఏఎల్'తో మొదలై, అంకెల తర్వాత 'టి' ఉన్న నంబరు ఉంటుంది. అది చూసుకోండి. ఆ నంబరు మొక్క వయసు చెప్పదు కాబట్టి ఇంకో మాట కూడా అడగండి: ఇది మొక్కలో ఏ భాగం, ఎప్పుడు కోశారు? నేలవేము పొడి కొనేటప్పుడు మన ఊళ్లోనూ ఇదే అడగండి. జవాబు చెప్పలేని కొట్టులో కొనకండి.