పొలాల్లో మొలిచిన రైలు ఊరు

1840 సెప్టెంబరులో డేనియల్ గూచ్ అనే ఇరవై నాలుగేళ్ల ఇంజనీరు, గ్రేట్ వెస్టర్న్ రైల్వే ప్రధాన ఇంజనీరు బ్రునెల్‌కు ఉత్తరం రాశాడు: ఇంజన్ల కార్ఖానా ఇంగ్లండులోని స్విండన్ దగ్గర పెడదామని. లండన్ నుంచి బ్రిస్టల్ పోయే దారిలో చెల్టన్‌హామ్ లైను విడిపోయేది అక్కడే. అక్కడి నుంచి పడమటికి వాలు ఎక్కువ కాబట్టి ఇంజను మార్చుకోవాల్సిందీ అక్కడే. పాత ఊరు గుట్ట మీద ఉంది, కింద ఉన్నవి పొలాలు. వందలాది పనివాళ్లు ఎక్కడుండాలి?

గ్రేట్ వెస్టర్న్ రైల్వే దగ్గర డబ్బు లేదు. రిగ్బీ అనే లండన్ కాంట్రాక్టర్లు స్టేషనుతో పాటు సుమారు 300 ఇళ్లు సొంత ఖర్చుతో కట్టడానికి ఒప్పుకున్నారు. అందుకు బదులుగా స్టేషను ఫలహారశాల వారిది, రైళ్లన్నీ అక్కడ పది నిమిషాలు ఆగాలి. ఆ షరతు వదిలించుకోవడానికి 1895లో కంపెనీ లక్ష పౌన్లు కట్టింది!

ఇంత బేరం మీద లేచిన ఇళ్లలో ఎంత శ్రద్ధ! గోడలకు అక్కడి సున్నపురాయి. మూలలకూ కిటికీ చుట్టూ మాత్రం నునుపుగా చెక్కిన బాత్ రాయి. గరుకు గోడ మధ్య ఆ లేతరంగు చట్రం ప్రతి కిటికీనీ విడిగా నిలబెడుతుంది. ఖరీదైన రాయి కంటికి తగిలేచోటే వాడారు, మిగతా చోట చేతిలో ఉన్నదానితో సరిపెట్టారు. పొదుపుకు ఇంతకన్నా మంచి నమూనా నేను చూడలేదు. వీధులకు మొదట పెట్టిన పేర్లలోనూ లైను కనిపిస్తుంది: నడుమనున్న చౌకుకు పడమర బ్రిస్టల్, బాత్, ఎక్సెటర్, టాంటన్, తూర్పున లండన్, ఆక్స్‌ఫర్డ్, రెడింగ్, ఫారింగ్డన్. లాలాగూడ, కాజీపేట రైల్వే కాలనీలు ఎరిగినవాళ్లకు ఆ వరసల క్రమం కొత్తేమీ కాదు.

లోపల మాత్రం ఇరుకు. చిన్న ఇంట్లో కుటుంబంతో పాటు అద్దెకు దిగినవాళ్లూ సర్దుకున్నారు. రాతిపని ఎంత చక్కగా ఉన్నా ఆ ఇరుకును కప్పిపుచ్చలేదు. ఇళ్లు ఇవ్వలేనివి సమకూర్చుకోవడానికి పనివాళ్లే పూనుకున్నారు. 1847లో జీతంలోంచి కొంత కోయించుకుని వైద్యనిధి పెట్టుకున్నారు, 1855లో చదువులకూ సభలకూ మెకానిక్స్ ఇన్‌స్టిట్యూట్ భవనం తెరిచారు. వాస్తుశిల్పి గిల్బర్ట్ స్కాట్ గీసిన సెయింట్ మార్క్స్ చర్చి అప్పటికే పట్టాల పక్కన నిలిచింది.

1960లలో ఇళ్లు పాతబడితే పట్టణ పాలకులు కొని తర్వాత బాగుచేశారు. కార్ఖానా 1986లో మూతపడింది. ఇళ్లలో ఇప్పటికీ జనం కాపురముంటున్నారు.